బందరు రోడ్డు చివర ఏముంది?

విజయవాడలో బందరు రోడ్డు తెలియనివాళ్లు ఉండరు. బట్టల షాపులు, బంగారం కొట్లు, సినిమా హాళ్లు, సాయంత్రం ఆరు దాటితే కదలని ట్రాఫిక్.. అన్నీ దాని మీదే. కాగితాల మీద మహాత్మా గాంధీ రోడ్డు అని ఉంటుంది కానీ, ఆ పేరు చెప్పి ఆటో ఎక్కేవాళ్లు తక్కువ. అయితే ఒక్క ప్రశ్న. రోజూ ఆ రోడ్డు మీద తిరిగేవాళ్లలో ఎంతమంది బందరు దాకా వెళ్లి ఉంటారు? పేరులోనే ఊరుంది. ఊరి చివర సముద్రం కూడా ఉంది. అయినా మనలో చాలామందికి ఈ రోడ్డు బెంజి సర్కిల్ దగ్గరో, మహా అయితే కానూరు, పోరంకి దగ్గరో ఆగిపోతుంది.

నిజానికిది 65వ నంబరు జాతీయ రహదారి. ఒక కొస పుణెలో, ఇంకో కొస మచిలీపట్నంలో. మధ్యలో హైదరాబాద్, విజయవాడ. హైదరాబాద్ వైపు లెక్కలేనన్నిసార్లు వెళ్లిన మేం, ఈ రెండో కొస మాత్రం సరిగ్గా చూసింది లేదు. చూడాలంటే కారులో గంటన్నర పని. మేం మాత్రం ఒక రాత్రంతా పెట్టుకున్నాం. జనవరి మొదట్లో, ధనుర్మాసం చలిలో, సైకిళ్ల మీద!

రాత్రే ఎందుకు? చలిలోనే ఎందుకు?

ఇంట్లో అందరూ అడిగిందీ ఇదే. ‘పగలు లేదా? ఎండాకాలం సెలవులు లేవా?’ అని.

ఎండాకాలం సంగతి కృష్ణా జిల్లావాళ్లకి చెప్పక్కర్లేదు. పొద్దున్న తొమ్మిదికే తారు సెగలు కక్కుతుంది. వానాకాలంలో రోడ్డు మీద నీళ్లు, నీళ్ల కింద గుంతలు. మిగిలింది చలికాలమే. మనవైపు చలి మరీ భయపెట్టేది కాదు కూడా. లంబసింగి వాళ్లో, ఆదిలాబాద్ వాళ్లో వింటే నవ్వుతారు. మేం బయల్దేరిన రోజు ఫోన్‌లో 18 డిగ్రీలు చూపించింది. ఇంట్లో కూర్చుంటే అది హాయిగానే ఉంటుంది. అదే 18 డిగ్రీలు సైకిల్ మీద గంటకి 15, 20 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే ముఖానికి చన్నీళ్లు కొట్టినట్టుంటుంది. తొక్కినంతసేపూ ఒళ్లు వేడిగానే ఉంటుంది. ఆగామా, తడిసిన టీషర్టు వీపుకి అతుక్కుని వణుకు మొదలవుతుంది. రాత్రిపూట సైకిల్ యాత్రలో అసలు చలి తొక్కేటప్పుడు ఉండదు, ఆగినప్పుడే ఉంటుంది.

రాత్రి ప్రయాణానికి ఇంకో లాభం ఉంది. చీకటి పడ్డాక నీటి కంటే నేల త్వరగా చల్లబడుతుంది. దాంతో గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. తీరం దగ్గరపడేకొద్దీ ఆ గాలి వెనక నుంచి తోస్తుందని ఆశ. అన్నిటికీ మించి, రాత్రంతా తొక్కి తెల్లారేసరికి సముద్రం ముందు నిలబడటం అనే ఊహే మమ్మల్ని పడగొట్టింది. జనవరిలో బందరు తీరంలో సూర్యుడు 6.35 ప్రాంతంలో వస్తాడు. ఆ టైముకి అక్కడ ఉండాలి. అంతే ప్లాన్.

ఈ పిచ్చి మాకొక్కళ్లకే ఉందనుకోకండి. లండన్ నుంచి డన్విచ్ అనే సముద్రతీరపు ఊరికి ప్రతి జులైలో ఒక శనివారం రాత్రి సైకిళ్ల మీద జనం బయల్దేరతారు. దాదాపు 180 కిలోమీటర్లు. దాని పేరు డన్విచ్ డైనమో. అక్కడ జులైలో రాత్రి చాలా చిన్నది, త్వరగా తెల్లారిపోతుంది. మన జనవరి రాత్రి దాదాపు 13 గంటలు. మాకున్న 80 కిలోమీటర్లకి కావాల్సినంత చీకటి.

మా బ్యాచ్ సంగతి

మొత్తం 11 మందిమి. అందరికంటే పెద్దాయన బ్యాంకులో రిటైరయిన బాబాయ్. 61 ఏళ్లు. రోజూ పొద్దున్నే బ్యారేజీ దాకా తొక్కే మనిషి. తర్వాత మెకానిక్ అన్న. పటమటలో చిన్న సైకిల్ షాపు. మా అందరి సైకిళ్లకీ ఆయనే డాక్టర్. గేర్ల సైకిళ్లు అమ్ముతాడు, బాగు చేస్తాడు. తను మాత్రం నల్ల రంగు పాత సైకిలే తొక్కుతాడు. చక్రానికి రాసుకుంటూ తిరిగే డైనమో, ముందు గుండ్రటి లైటు. నలుగురు ఇంజినీరింగ్ కుర్రాళ్లు. వీళ్ల దగ్గర అన్నీ లేటెస్టే, ఒక్క ఓపిక తప్ప. ఐటీ ఉద్యోగులు ఇద్దరు. ఒక స్కూల్ టీచర్. నర్సింగ్ చివరి సంవత్సరం చదువుతున్న చెల్లి. పదకొండో మనిషిని నేను.

ఆ చెల్లి గురించి కొంచెం చెప్పాలి. వాళ్ల నాన్న విజయవాడలో ఆటో నడుపుతాడు. సొంతూరు దివిసీమలో నాగాయలంక వైపు. ‘మా నాన్న ఉప్పెన ఏడాది పుట్టాడు’ అని చెప్పింది మొదటి రోజే. ఆ ప్రాంతంలో వయసు చెప్పడానికి అదొక గుర్తు. 1977 నవంబర్ 19న వచ్చిన తుపాను, దాంతోపాటు ఊళ్ల మీదకి లేచిన సముద్రం పదివేల మంది ప్రాణాలు తీసుకుంది. ఆ ఇంట్లో కూడా ఇద్దరు పోయారు. వాళ్ల నాన్నకి అప్పటికి నాలుగు నెలలు. ‘నాన్న మమ్మల్ని ఎక్కడికైనా తీసుకెళ్లాడు గానీ సముద్రం దగ్గరికి మాత్రం ఎప్పుడూ తీసుకెళ్లలేదు’ అంది.

అలాంటి మనిషి కూతుర్ని రాత్రిపూట, సైకిల్ మీద, సముద్రానికి పంపించడానికి ఎలా ఒప్పుకున్నాడు? వారం రోజులు ఏమీ మాట్లాడలేదట. ఎనిమిదో రోజు మెకానిక్ అన్న షాపుకి వచ్చి కూతురి సైకిల్ బ్రేకులు తనే నొక్కి చూసుకున్నాడు. ‘పనికోసం బెజవాడ వచ్చింది నేను సైకిల్ మీదే అన్నయ్యా. చల్లపల్లి మీదుగా పామర్రు, పామర్రు నుంచి ఈ రోడ్డే. నేను ఇటు వచ్చాను, అది అటు వెళ్తానంటోంది. వెళ్లనీ’ అన్నాడు. ఒక్కటే షరతు. ఆగిన ప్రతిచోట నుంచీ ఫోన్ చేయాలి. ‘సూర్యుడు పైకొచ్చేటప్పుడు వీడియో కాల్ చేసి చూపిస్తా నాన్నా’ అని తనూ ఒక మాట ఇచ్చేసింది.

కాలవ పక్కనే..

శనివారం రాత్రి 11 గంటలకి బెంజి సర్కిల్ దగ్గర కలిశాం. ఒక్కొక్కరి వేషం చూడాలి! ఇద్దరికి హెల్మెట్ కింద మంకీ క్యాప్. టీచర్ గారికి వాళ్లావిడ అల్లిన మఫ్లర్. బాబాయ్ మాత్రం స్వెట్టర్ లోపల రెండు మడతలు పెట్టిన దినపత్రిక దోపుకుని వచ్చాడు. కుర్రాళ్లు నవ్వారు. ‘నవ్వండ్రా. ఫ్రాన్స్‌లో కొండలు దిగే సైకిల్ రేసుల వాళ్లు కూడా ఇదే చేసేవాళ్లు. కాగితం గాలిని ఆపుతుంది, చెమటని పీలుస్తుంది’ అన్నాడు. ఉయ్యూరు చేరేసరికి ఆ నలుగురూ పేపర్ కోసం టీ కొట్టువాడిని బతిమాలారు. అది వేరే విషయం.

రూల్స్ మూడే. ఒకటి, అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల వేగమే అందరి వేగం. రెండు, ఒకరి వెనక ఒకరు, రోడ్డు ఎడమ అంచున. పక్కపక్కన కబుర్లు కుదరవు. మూడు, ముందు బాబాయ్, చివర మెకానిక్ అన్న. బాబాయ్‌ని ఎవరూ దాటకూడదు, అన్న వెనక ఎవరూ మిగలకూడదు.

కానూరు, తాడిగడప, పోరంకి దాటేదాకా సిటీయే. అపార్ట్‌మెంట్లు, కాలేజీ హోర్డింగులు, బిర్యానీ సెంటర్లు. పెనమలూరు దాటాక ఒక్కసారి చీకటి. అక్కణ్ణుంచి రోడ్డు మారిపోతుంది. చెరకు తోటలు, అరటి తోటలు, కోత అయిపోయిన వరి చేలు. ఈ రోడ్డుకి తోడుగా బందరు కాలవ కూడా సముద్రం వైపే వెళ్తుంది. విజయవాడ దగ్గర కృష్ణకి అడ్డంగా 1855లో ఆనకట్ట పూర్తయ్యాక డెల్టా అంతటా నీళ్లు పారాయి. ఆ ఆనకట్ట స్థానంలో 1957లో వచ్చిందే ఇప్పటి ప్రకాశం బ్యారేజీ. లారీలు లేని రోజుల్లో ఈ కాలవల మీద పడవలే సరుకు మోసేవి. ఇప్పుడు ఆ పని చేస్తున్నది చేపల లారీలు. ఐసు నీళ్లు కార్చుకుంటూ పక్కనుంచి పోతుంటే వాసనని బట్టే చెప్పొచ్చు, లోపల చేపలా, రొయ్యలా అని.

రాత్రిపూట సైకిల్ మీద తెలిసే సంగతులు కారులో తెలియవు. వేడి, చలి కూడా ముక్కలు ముక్కలుగా వస్తాయి. ఊళ్లోకి వెళ్తే కాస్త వెచ్చగా ఉంటుంది. పొలాల్లోకి రాగానే మోకాళ్లకి చల్లగా తగులుతుంది. కాలవ వంతెన ఎక్కితే ఇంకో రెండు డిగ్రీలు పడిపోయినట్టు ఉంటుంది. వాసనలు కూడా అంతే. తడి గడ్డి, పేడ, ఎక్కడో కాల్చిన చెత్త. కంకిపాడు దాటాక తియ్యటి వాసన మొదలైంది. చెరకు సీజన్ కదా, ఉయ్యూరు దగ్గరపడుతోందని ముక్కే చెప్పింది.

ఊరి కుక్కల సంగతి మర్చిపోకూడదు. ప్రతి ఊరి మొదట్లో ఒక బ్యాచ్ స్వాగతం పలికి, ఊరి చివర ఇంకో బ్యాచ్‌కి అప్పగిస్తుంది. కుర్రాళ్లు స్పీడు పెంచబోతే మెకానిక్ అన్న వెనక నుంచి కేకేశాడు. ‘పారిపోతే వెంట పడతాయిరా! దిగి నడవండి.’ దిగి నడిచాం. అవి కూడా బోర్ కొట్టి వెళ్లిపోయాయి.

ఉయ్యూరులో టీ తాగేసరికి ఒకటిన్నర. చెల్లి ఫోన్ చేసింది. నాన్న మొదటి రింగుకే ఎత్తాడు. బస్టాండ్ దగ్గర ఆటోలో కూర్చుని ఉన్నాడట. ‘ఈ రోజు నైట్ కిరాయిలు చూసుకుంటా, ఎటూ నిద్ర పట్టదుగా’ అన్నాడట.

పామర్రు దాటాక..

పామర్రు సెంటర్‌లో ఒక రోడ్డు గుడివాడ వైపు, ఒకటి చల్లపల్లి వైపు చీలతాయి. ఆ చల్లపల్లి రోడ్డులోనే ఉంది కూచిపూడి. ఒక పల్లె పేరే ఒక నాట్యానికి పేరయిన చోటు. పగలైతే ఒకసారి తిరిగి వచ్చేవాళ్లమే. అప్పుడు టైము రెండు ముప్పావు. ఊరు, సెంటరు, కుక్కలు అన్నీ నిద్రలోనే ఉన్నాయి. ఇంకో 35 కిలోమీటర్లు తొక్కితే సముద్రం. మూడున్నర గంటల టైముంది. ‘చాలా ఈజీ’ అన్నాడు ఒక కుర్రాడు. అప్పటిదాకా నిజంగానే ఈజీ.

పామర్రు దాటి కొంచెం దూరం వెళ్లామో లేదో లైటు వెలుగులో పొగలాంటిది కనపడింది. ఎవరో గడ్డి తగలబెట్టారనుకున్నాం. అది పొగ కాదు, పొగమంచు. మొదట పొలాల మీద మోకాలెత్తున పరుచుకుని, తర్వాత రోడ్డు మీదకి ఎక్కింది. డెల్టాలో అది మామూలే. చుట్టూ కాలవలు, చేపల చెరువులు, తడి చేలు. గాలి కదలని, మబ్బులేని రాత్రి నేల చల్లబడితే, ఆ తేమంతా కిందనే మంచుగా మారుతుంది. మేం వెనక నుంచి తోస్తుందనుకున్న గాలి ఆ రాత్రి అసలు లేనే లేదు.

అయిదు నిమిషాల్లో పరిస్థితి ఎలా అయిందంటే, నా ముందున్న ఎర్ర లైటు కనపడుతోంది. దాని ముందుది లేదు. నా హెడ్‌లైట్ వేస్తే ఎదురుగా తెల్లటి గోడ. వెలుగు పెంచేకొద్దీ ఆ గోడ ఇంకా దగ్గరికొస్తుంది. కనురెప్పల మీద నీటి చుక్కలు. కళ్లద్దాలున్నవాళ్లకి అసలేమీ కనపడటం లేదు. అప్పుడే వెనక నుంచి లారీ శబ్దం వచ్చింది. శబ్దమే, లైట్లు లేవు. ఎంత దూరంలో ఉందో తెలీదు, ఏ లైన్లో ఉందో తెలీదు. చాలాసేపటికి పసుపు రంగు మసకగా కనపడింది. కనపడిన మరుక్షణం పక్కనుంచి వెళ్లిపోయింది.

బాబాయ్ చెయ్యి పైకెత్తాడు. అందరం దిగి, రోడ్డు దిగువన మట్టి మీదకి సైకిళ్లు దింపేశాం. కొంచెం ముందు ట్యూబ్‌లైట్ వెలుగు ఒకటి కనపడింది. నడిపించుకుంటూ వెళ్తే, చిన్న టిఫిన్ హోటల్. రేకుల షెడ్డు, రెండు బల్లలు. ఓనర్ అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాడు. ‘ఇది పొద్దెక్కితే గానీ పోదండీ’ అన్నాడు అడక్కుండానే.

ముందు లారీకి కనపడాలి కదా!

అక్కడ మొదలైంది గొడవ. కుర్రాళ్లు నలుగురూ వెళ్దామన్నారు. లైట్లున్నాయి, రిఫ్లెక్టర్ జాకెట్లున్నాయి, నెమ్మదిగా అంచునే వెళ్దాం, ఇంత దూరం వచ్చి సన్‌రైజ్ మిస్సయితే ఎందుకు వచ్చినట్టు? అందులో అర్థం లేకపోలేదు. నాకూ వెళ్లాలనే ఉంది. ఐటీ వాళ్లు ఇద్దరూ ఫోన్లలో మ్యాప్ చూస్తున్నారు. టీచర్ గారు ఎటూ చెప్పలేదు. బాబాయ్ మాత్రం టీ గ్లాసుని రెండు చేతుల్తో పట్టుకుని, ‘సూర్యుడు మనకి కనపడటం తర్వాత సంగతి నాన్నా. మనం ముందు లారీవాడికి కనపడాలి కదా’ అన్నాడు.

అయినా వాదన ఆగలేదు. ఓటింగ్ పెడదామన్నారు. అప్పటిదాకా పొయ్యి పక్కన నిలబడి చేతులు కాచుకుంటున్న చెల్లి అప్పుడు నోరు తెరిచింది. ‘నాకు పోయినేడాది జనవరిలో క్యాజువాలిటీ డ్యూటీ వేశారు. మంచు పడ్డ రోజుల్లో తెల్లవారుజామున వచ్చిన కేసులు చూశాను. వాళ్లందరికీ లైట్లున్నాయి. అందరూ నెమ్మదిగానే వెళ్తున్నామని అనుకుని ఉంటారు’ అంది. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు.

మా అందరిలోకీ ఆ సూర్యోదయం ఎక్కువగా కావాల్సింది తనకే. తనే అలా అన్నాక ఓటింగ్ మాట ఎవరూ ఎత్తలేదు. వెళ్దామని గట్టిగా అన్న కుర్రాడే లేచి హెల్మెట్ తీసి గోడకి తగిలించాడు. ‘అన్నా, ఇంకో పదకొండు టీలు’ అన్నాడు.

టైము మూడుంబావు. ఫోన్ చేసి చెప్పింది తను. స్పీకర్‌లో పెట్టలేదు గానీ, ఆ నిశ్శబ్దంలో అవతలి గొంతు మాకూ వినపడుతూనే ఉంది. ‘ఎంతసేపయినా కూర్చోండమ్మా. ఆ రోజుల్లో మేం కూడా మంచు పడితే దిగి కాలవగట్టున కూర్చునేవాళ్లం. సూర్యుడేముంది, బస్టాండ్‌లో రోజూ చూస్తూనే ఉన్నా.’

నాలుగు గంటలు ఆ షెడ్డులోనే ఉన్నాం. చలి అంటే ఏమిటో అప్పుడు తెలిసింది. తడి బట్టలు మార్చుకున్నవాళ్లు బతికిపోయారు. మిగిలినవాళ్లం పొయ్యి చుట్టూ వంతులేసుకున్నాం. మెకానిక్ అన్నకి ఊరికే కూర్చోవడం చేతకాదు. ఓనర్ కొడుకు స్కూలుకెళ్లే సైకిల్ తిరగేసి చైను బిగించి, బ్రేకు రబ్బర్లు మార్చాడు. నాలుగున్నరకి గుడి మైకులో తిరుప్పావై మొదలైంది. ఓనర్ భార్య వాకిట్లో కళ్లాపి చల్లి ముగ్గు పెట్టింది. మంచులో ఆమె కనపడటం లేదు. చుక్కలు పెడుతున్న చెయ్యి, పక్కన లాంతరులా పెట్టుకున్న ఫోన్ లైటు, అంతే. ముగ్గు మధ్యలో గొబ్బెమ్మ పెట్టి, గుమ్మడి పువ్వు గుచ్చి, లోపలికెళ్లి ఇడ్లీ పళ్లేలు దింపింది. ఆరు గంటలకి మేం తిన్న ఆ వేడి ఇడ్లీ, అల్లం పచ్చడి గురించి ఇంకో వ్యాసం రాయొచ్చు.

6.35కి అందరం బయటికి వచ్చి తూర్పు వైపు చూశాం. తెలుపు. అంతే. మేం సముద్రం దగ్గర ఉండాల్సిన టైము అలా గడిచిపోయింది.

తెల్లారాక తెలిసిన దారి

ఏడుంబావుకి మంచు పల్చబడింది. మొదట ఎదురుగా తాడిచెట్టు, తర్వాత దాని వెనక ఇంకోటి, ఆ తర్వాత మొత్తం పొలం. రాత్రి మేం చీకటి అనుకున్నదంతా పచ్చగా ఉంది. వరి కోసిన చేలల్లో మినుము. ఇక్కడి రైతులు వరి కొయ్యకముందే, ఆ తడి ఆరకముందే మినుములు చల్లేస్తారు. దున్నే పని లేదు. నేలలో మిగిలిన తేమతో, కురిసే మంచుతోనే పంట వస్తుంది. మమ్మల్ని ఆపేసిన మంచే ఆ చేనుకి నీళ్లు. ఆకు ఆకుకీ చుక్కలు వేలాడుతున్నాయి.

నిడుమోలు, గూడూరు దాటుకుంటూ వెళ్లాం. వెచ్చటి ఎండ ముఖం మీద పడుతుంటే రాత్రి స్వెట్టర్లు ఒక్కొక్కటే బ్యాగుల్లోకి వెళ్లాయి. బాబాయ్ న్యూస్‌పేపర్ తీసి, మడత విప్పి, నిన్నటి హెడ్డింగులు చదివి వినిపించాడు. ప్రతి వాకిట్లో ముగ్గు. ఒక ఊళ్లో హరిదాసు ఎదురొచ్చాడు. ఆయనా సైకిల్ మీదే. అక్షయపాత్ర జాగ్రత్తగా హ్యాండిల్ ముందు కట్టుకుని తొక్కుతున్నాడు. మమ్మల్ని చూసి బెల్లు కొట్టాడు. మేం పదకొండు బెల్లులూ కొట్టాం.

బందరు ఊరు దాటి, చిలకలపూడి మీదుగా మంగినపూడి బీచ్‌కి చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది.

సముద్రం

మంగినపూడి ఇసుక బంగారు రంగులో ఉండదు. నేల నల్లటి బంకమట్టి. కెరటాలు కూడా విశాఖలోలా ఎగిరెగిరి పడవు. తీరం చాలా దూరం వరకు మెల్లగా వాలుతుంది కాబట్టి నీళ్లు నింపాదిగా వచ్చి, నింపాదిగా వెళ్తాయి. ఫొటోలకి గొప్పగా ఉండదని కొంతమంది అంటారు. రాత్రంతా తొక్కి వచ్చినవాళ్ల కాళ్లకి మాత్రం ఆ చల్లటి మెత్తటి బురద మీద నడవడం మందులా ఉంటుంది.

చెల్లి వీడియో కాల్ చేసింది. సూర్యుడు అప్పటికే నడినెత్తికి బయల్దేరాడు. నీళ్ల మీద ఎండ తళతళలాడుతోంది. ఫోన్ తిప్పి సముద్రాన్ని చూపించింది. అవతల ఆటోలో వాళ్ల నాన్న. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నెట్ ఆగిందేమోనని తను ‘నాన్నా, కనపడుతోందా?’ అంది.

‘కనపడుతోంది. ఇప్పుడు పోటా, పాటా?’ అన్నాడు.

తనకి తెలీదు. పక్కనే వల విదిలిస్తున్న ఒకాయనని అడిగింది. ‘పాటే, నీళ్లు తీస్తున్నాయి’ అన్నాడాయన.

‘సరే. అయినా కొంచెం వెనక్కి జరిగి నిలబడమ్మా.’

తను నాలుగడుగులు వెనక్కి వేసింది. ఆ తర్వాత పది నిమిషాలు తండ్రీకూతుళ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. మేం దూరంగా వచ్చేశాం. తర్వాత అడిగితే ఒక్కటే చెప్పింది. ‘సంక్రాంతి తర్వాత వస్తానంటున్నాడు. అమ్మని కూడా తీసుకుని. ఆటోలోనే.’

ఈ తీరంలో సముద్రమంటే భయం ఒక్క 1977తో మొదలైంది కాదు. 1864 నవంబర్ 1 రాత్రి బందరు మీదకి ఉప్పెన వచ్చి దాదాపు 30 వేల మందిని పొట్టన పెట్టుకుంది. 2004 డిసెంబర్ 26 సునామీ ఇక్కడికీ వచ్చింది. అయినా అన్నం పెట్టిందీ ఈ సముద్రమే. అసలు ‘బందరు’ అంటేనే పారశీకంలో రేవు. ఇంగ్లిష్ ఈస్టిండియా కంపెనీ 1611లోనే ఇక్కడ వర్తకం మొదలుపెట్టింది. డచ్చివాళ్లు వాళ్లకంటే ముందే వచ్చారు. వాళ్ల సమాధులు బందరుకోటలో ఇప్పటికీ ఉన్నాయి. కలంకారీ బట్టలు ఇక్కణ్ణుంచే ఓడలెక్కాయి. ఇప్పుడు కొత్త పోర్టు పనులు జరుగుతున్నది కూడా ఈ తీరంలోనే.

తిరుగు ప్రయాణానికి ట్రాలీ ఆటో ముందే మాట్లాడుకున్నాం. సైకిళ్లు ఎక్కించి, బందరులో ఆగి లడ్డూ కొన్నాం. బందరు లడ్డూకి ఇంకో పేరు తొక్కుడు లడ్డు. శనగపిండి పూసని వేయించి, రోకటితో దంచి, జల్లించి, బెల్లం పాకం, నెయ్యి పోసి మళ్లీ దంచుతారు. భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది దీనికి. ‘రాత్రంతా తొక్కి వచ్చింది తొక్కుడు లడ్డు కోసమన్నమాట’ అన్నాడు బాబాయ్. రాత్రి నుంచీ ఆ జోకు దాచుకున్నట్టున్నాడు.

మీరూ వెళ్తారా?

అయితే ఇవి గుర్తుపెట్టుకోండి.

దూరం: బెంజి సర్కిల్ నుంచి మంగినపూడి బీచ్ దాదాపు 80 కిలోమీటర్లు. దారి మొత్తం చదునే, ఎత్తులు లేవు. రోజూ 15, 20 కిలోమీటర్లు తొక్కే అలవాటు ఉంటే నెలరోజులు మెల్లగా పెంచుకుంటూ వెళ్లండి, చాలు. ఇది సరదాగా పూర్తయితే, తర్వాత 13.30 గంటల్లో 200 కిలోమీటర్లు తొక్కే బ్రెవే రైడ్ల గురించి ఆలోచించొచ్చు.

లైట్లు: ముందు తెలుపు, వెనక ఎరుపు. వెనక లైటు మెరుస్తూ ఆరుతూ కాకుండా నిలకడగా వెలిగేలా పెట్టండి. అప్పుడే వెనక వచ్చేవాళ్లకి మీరెంత దూరంలో ఉన్నారో అంచనా దొరుకుతుంది. స్పేర్ లైటు ఒకటి తప్పనిసరి. రిఫ్లెక్టర్ జాకెట్, హెల్మెట్ గురించి వేరే చెప్పక్కర్లేదు.

బట్టలు: ఒక్క మందపాటి స్వెట్టర్ కంటే రెండు మూడు పల్చటివి మేలు. పొడి టీషర్టు ఒకటి ప్లాస్టిక్ కవర్‌లో చుట్టి పెట్టుకోండి. ఆగిన వెంటనే మార్చుకోవాలి. చేతులకి, చెవులకి కప్పు ఉండాలి. బాబాయ్ పేపర్ ఐడియా నిజంగా పనిచేస్తుంది.

బ్యాగులో: స్పేర్ ట్యూబ్, పంపు, పంక్చర్ కిట్, పవర్ బ్యాంక్, బెల్లం పల్లీలు, నీళ్లు. చలిలో దాహం తెలియదు కాబట్టి గుర్తుపెట్టుకుని తాగాలి.

అమ్మాయిలు ఉంటే: దారిలో టాయిలెట్ సౌకర్యం ఉండి, రాత్రంతా తెరిచే పెట్రోల్ బంకులు ఎక్కడెక్కడున్నాయో ముందే చూసి పెట్టుకోండి. ఆగే చోట్లు దాన్ని బట్టే నిర్ణయించుకోండి. టీ కొట్టుని బట్టి కాదు.

మంచు పడితే: రోడ్డు దిగి ఆగిపోండి. టైము ఎంతయినా, ఎంత దూరం వచ్చినా సరే. అందుకే తిరుగు ప్రయాణపు బండిని ‘ఎనిమిదింటికల్లా’ అని కాకుండా ‘మధ్యాహ్నం లోపు’ అని మాట్లాడుకోండి. మేం ఆగిన ఆ హోటల్ పామర్రు దాటాక ఎడమచేతి వైపు ఉంటుంది. బోర్డు లేదు. వాకిట్లో పెద్ద ముగ్గు ఉంటుంది. ఇడ్లీ ఆరింటికి రెడీ.